దొడ్లో నాపరాళ్ల తాలీము

పోయిన నెలలో మా మనవడు ఫ్లాటులో వెనకగది ఖాళీ చేయించి, గోడకు నిలువెత్తు అద్దం బిగించి, నేలమీద నల్లటి రబ్బరు చాపలు పరిపించాడు. ఏమిటీ హడావిడి అనుకుంటూ ఉండగానే ఇద్దరు మనుషులు వగరుస్తూ నాలుగు పెట్టెలు మోసుకొచ్చి దించారు. విప్పి చూస్తే ఇనుప కడ్డీలు, గుండ్రటి ఇనుప బిళ్లలు, పడుకుని బరువులెత్తే బల్ల ఒకటి. ఇంట్లోనే జిమ్ము పెట్టుకుంటున్నానవ్వా అని వాడు మురిసిపోయాడు. నేను ఆ బిళ్లల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని, మధ్యనున్న బెజ్జంలో వేలు పెట్టి తిప్పుతూ, మా ఇంట్లోనూ ఇట్లాంటివి ఉండేవిరా, రాతివి, అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. డెబ్భై ఏళ్లనాడు కడపలో, ఒక బడిపంతులు ఇంట్లో జిమ్మేమిటని వాడి అనుమానం. నా ఈడువాళ్లయితే అట్లా నవ్వరు, అందుకని మీకే చెప్పుకుంటున్నాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మా నాయన కడపలో ఒక మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరు. జమ్మలమడుగు పక్క ఒక చిన్న పల్లెలో, నాలుగెకరాల మెట్ట చేసుకునే ఇంట పుట్టి, పాదిరిగారి దయవల్ల చదువుకుని, ఒంటి బలంతో ఆ ఉద్యోగం సంపాదించుకున్న మనిషి. తెల్ల నిక్కరు, మడత నలగని చొక్కా, సుద్దపూసిన కాన్వాసు బూట్లతో ఆయన మైదానంలోకి అడుగు పెడితే మూడు వందలమంది పిల్లలు గీత గీసినట్టు నిలబడేవాళ్లు. మా వీధి చివర పహిల్వాన్ మామ నడిపే తాలీము ఒకటి ఉండేది. తాలీమంటే, మీకు తెలియనిది కాదు, కుస్తీలు పట్టే చోటు. అక్కడ పడి ఉండే పెద్ద రాతిగుండును పీర్ల పండగనాడు భుజం మీదికి ఎత్తి వెనక్కి వేయగలిగినవాళ్లు ఊరిమొత్తానికి నలుగురో అయిదుగురో. వాళ్లలో పహిల్వాన్ మామ ఒకడు, మా నాయన ఒకడు. మా రెండిళ్లకూ మధ్య రొమ్ముదాకా వచ్చే మట్టిగోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ మీదుగా చింతాకు పప్పు అటుపోయేది, పండగ సేమ్యా ఇటు వచ్చేది. పహిల్వాన్ మామ స్టేషను దగ్గర నాపబండలు అమ్మే చోట మేస్త్రీ. మా అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది, నాకాయన మామ.

క్రిస్మసు సెలవులు అయిపోయి బడి తెరిచిన వారానికి, ఒక పొద్దున మా నాయన అరుగు మీద కూర్చుని బూటు తొడుక్కుంటూ పక్కకు ఒరిగిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినాయి, మూతి ఒక పక్కకు పోయింది. పక్షవాతం. అప్పటికాయనకు నలభై రెండేళ్లు, నాకు పదకొండు. మిషన్ ఆసుపత్రిలో మూడు వారాలు పెట్టుకుని, ఇక మందులతో అయ్యేది పెద్దగా లేదు, కదిలించినకొద్దీ కదులుతుంది, కదిలించకపోతే ఇంతే, అని డాక్టరమ్మ చెప్పి ఇంటికి పంపింది. ఇంటికొచ్చిన మా నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. బడి పిల్లలు చూడటానికి వస్తే దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు. మా అమ్మ సంగటి చిన్న చిన్న ముద్దలు చేసి నోట్లో పెడుతుంటే, ఎడమ చేత్తో ఆ చేతిని తోసేసేవాడు. అంతకుముందు ఆయన కోపం ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలియదు.

పహిల్వాన్ మామ రోజూ పనికి పోతూ వచ్చి మంచం కోళ్ల దగ్గర గొంతుక్కూర్చుని, ఆ పడిపోయిన చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని నిమిరి వెళ్లేవాడు. ఒక ఆదివారం, మేము ఆరాధన ముగించుకుని గుడి నుంచి వచ్చేసరికి, మా దొడ్లో ఏదో టకటకమని చప్పుడు. చూస్తే ఆయన బావి గిలకలాంటి గిలకనొకదాన్ని పందిరి దూలానికి కట్టి, దానిమీదుగా తాడు వేసి, ఒక కొసకు పట్టుకునేందుకు కట్టె, ఇంకో కొసకు చిన్న బొక్కెన కడుతున్నాడు. బొక్కెనలో రోజుకొక దోసెడు ఇసుక పోయాలట. గోడవారన నాపరాతి బిళ్లలు వరసగా ఆనించి ఉన్నాయి. బండలు సమంగా కొట్టగా మిగిలిన అంచుముక్కల్ని ఏరుకుని, పనైపోయాక కూర్చుని, ఉలితో గుండ్రంగా చెక్కి, ప్రతిదానికీ నడిమధ్యన బెజ్జం వేశాడు. అరవీశెది మొదలుకొని మణుగుదాకా, అంటే ఇప్పటి లెక్కలో సుమారు ముప్పావు కిలో నుంచి పదకొండు కిలోలదాకా, చిన్నదాని పక్కన పెద్దది. బెజ్జంలో దూర్చేందుకు నున్నగా చిత్రిక పట్టిన తుమ్మకర్ర కూడా ఒకటి తెచ్చాడు. నడక నేర్చుకోవడానికని అడుగుకొక బండ చొప్పున దొడ్డి ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరిచాడు. మా మనవడి సామానంతా అందులో ఉంది, అద్దం తప్ప.

మామా, అమ్మా చెరొక పక్కా పట్టుకుని మా నాయన్ని తెచ్చి ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. మామ అరవీశె రాయి ఆయన ఒళ్లో పెట్టి, మెల్లగా అన్నాడు.

“చెయ్యి సచ్చిపోలేదు మాస్టరూ, నిద్ర పోతాండాది. లేపల్లంటే రోజూ పిలవల్ల.”

మా నాయన ఆ రాయినీ, ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. అప్పటికి మాట కొంచెం ముద్దగానే వచ్చేది.

“గుండెత్తినోన్ని నేను. ఈ సంగటి ముద్దంత రాయి ఎత్తుకోమంటాండావా?” అని, ఎడమ చేత్తో దాన్ని కిందికి దొర్లించేశాడు.

మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. నాలుగోరోజు పొద్దున దొడ్డి ఊడుస్తున్న మా అమ్మ చీపురు పక్కన పడేసి, కొంగు నడుముకు దోపుకుని, ఆయనకెదురుగా ఇంకో పీట వేసుకుని కూర్చుంది. “నాకొకటి ఇయ్యన్నా, ఈయప్ప ఎత్తకపోతే నేనే ఎత్తుకుంటా” అని రాయందుకుంది. అమ్మకు అట్లాంటి పని ఏం తెలుసు? మోచెయ్యి గాల్లోకి లేపి, మెడ బిగబట్టి, రాయిని విసిరినట్టు ఎత్తింది. రెండోసారి ఎత్తబోతుంటే మా నాయన కనుబొమలు ముడిపడ్డాయి. పదిహేనేళ్లుగా పిల్లల చేతులూ కాళ్లూ సరిదిద్దిన మనిషి, తప్పు ఎత్తడం కళ్లెదుట జరుగుతుంటే ఎంతసేపని ఊరుకుంటాడు?

“మోచెయ్యి పక్కకు ఆనించల్ల. భుజం పోతాది అట్లయితే. ఇట్ల,” అని ఎడమ చేత్తో చూపించాడు. అమ్మ అర్థం కానట్టు ముఖం పెట్టింది. నిజంగానే కాలేదో, కావాలనే పెట్టిందో, తర్వాత ఎన్నిసార్లడిగినా చెప్పలేదు. ఆయన విసుక్కుని, కింద పడి ఉన్న రాయిని కుడిచేతిలో పెట్టించుకుని, ఎడమచేత్తో ఆ చేతిని కింద ఆనించి, వణుకుతూ, జానెడెత్తు లేపి చూపించాడు. మామ అటు తిరిగి, తలకు చుట్టుకున్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

అది మొదలు. పొద్దు పొడవకముందే ఇద్దరూ ఎదురెదురు పీటల మీద కూర్చునేవాళ్లు. లెక్కపెట్టడం నా పని. మార్చి దాటేసరికి కడప ఎండలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు, ఏడు కొట్టకముందే రాళ్లు కాలేవి, అందుకని నాలుగున్నరకే లేచేవాళ్లం. బొక్కెనలో ఇసుక దోసెడు దోసెడుగా పెరిగింది. అరవీశె పోయి వీశె, వీశె పోయి రెండు వీశెలు. మా నాయన కుడిచేతికి ఒక రాయి పెరిగేలోపల అమ్మకు రెండు పెరిగేవి, దాంతో ఆయనకు రోషం వచ్చేది. నడకబండల మీద మొదట్లో మామ భుజం పట్టుకుని, తర్వాత కర్ర పట్టుకుని, ఈస్టరు నాటికి కర్ర కూడా లేకుండా ఎనిమిది బండలు దాటాడు. గుడిలో ఆడవాళ్లు, ఆడమనిషి మగోళ్ల తాలీము చేస్తాందంట అని గుసగుసలు పోయారు. అమ్మ ఆ మాటలు విననట్టే ఉండేది. రవికె చేతులు బిగుసుకుపోయి, కుట్టు విప్పి మళ్లీ కుట్టుకోవలసి వచ్చినప్పుడు మాత్రం, నాకు చూపించి, సూదిలో దారం ఎక్కిస్తూ తనలో తనే నవ్వుకుంది.

ఏప్రిల్ చివర బడి నుంచి ఒక జాబు వచ్చింది. హెడ్మాస్టరుగారు మంచివారే, మర్యాదగానే రాశారు. బడి తెరిచే రోజుకు మైదానంలో నిలబడగలిగితే సంతోషం, లేకపోతే పిల్లలకోసం వేరే ఏర్పాటు చేసుకోక తప్పదు అని. మా నాయన ఆ జాబును నాలుగు మడతలు పెట్టి దిండుకింద పెట్టుకున్నాడు. రెండు రోజుల తర్వాత, మేమింకా లేవకముందే, కర్ర పట్టుకుని ఒక్కడే వీధి చివరికి నడిచిపోయి, ఆ పెద్ద రాతిగుండు ఎత్తబోయాడు. పాలుపోసే ఆమె చూసి కేక వేస్తే అందరం పరిగెత్తాం. గుండు పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. కాలి బొటనవేలు నలిగిపోయింది, పక్కటెముకల దగ్గర కమిలిపోయింది.

ఆ రోజు మా అమ్మ నోటినుంచి నేనెప్పుడూ వినని మాటలు వచ్చాయి, అవన్నీ పహిల్వాన్ మామ మీదనే. “రాళ్లు తెచ్చి ఆశ పెట్టింది నువ్వే గదన్నా. మంచంలో ఉండేవాన్ని మంచంలో ఉండనీకుండా చేసినావు” అంది. ఆయన తల వంచుకుని విని వెళ్లిపోయాడు. అయిదు రోజులు ఆయన గోడదగ్గరికి రాలేదు. గిలక తాడు ఊరికే వేలాడుతుండేది. నేను రాళ్ల మీద దుమ్ము తుడిచి మళ్లీ వరసలో పెట్టేదాన్ని. ఆరోనాడు మధ్యాహ్నం, అమ్మ కాలివేలికి కట్టు మారుస్తుంటే, మా నాయన పైకప్పు వైపు చూస్తూ అన్నాడు.

“ఆయప్ప శానాసార్లు చెప్పినాడు, దాని దగ్గరికి పోవద్దని. నేనే పోయినా.”

అమ్మ కట్టు కట్టడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని, కొంగు తలమీదికి కప్పుకుని వాళ్లింటి వాకిట్లోకి పోయింది. నేను వెనకనే ఉన్నాను. తప్పు నాదన్నా, అంది. మామ అరుగు మీదినుంచి లేచి నిలబడ్డాడు.

“తప్పులు లెక్కబెట్టేకి టైము యాడుండాది చెల్లెమ్మా, జూను వస్తాండాది. రేపు పొద్దున్నే లేపు ఆయన్ని,” అన్నాడు.

బడి తెరిచిన రోజున మా నాయన తెల్ల నిక్కరూ, చొక్కా వేసుకుని, బూట్ల తాళ్లు నాతో కట్టించుకుని, కర్ర ఇంట్లోనే వదిలేసి నడిచాడు. నేనూ ఆ బడిలోనే చదివేదాన్ని. అమ్మ అన్నం క్యారియరు ఇచ్చే నెపంతో వచ్చి కంచె దగ్గర నిలబడింది. పిల్లలు వరసలు కట్టారు. హెడ్మాస్టరుగారు వరండాలో నిలబడి చూస్తున్నారు. మా నాయన జేబులోంచి విజిలు తీసి పెదాల మధ్య పెట్టుకుని ఊదాడు. చప్పుడు రాలేదు. కుడిపక్క పెదవి మూతపడక, ఊపిరంతా ఆ సందులోంచి ఉస్సుమని పోయింది. మళ్లీ ఊదాడు. మళ్లీ అంతే. ముందు వరసలో చిన్నపిల్లలెవరో కిసుక్కుమన్నారు. చేతికీ కాలికీ నాలుగు నెలలు రాళ్లు కట్టి సాధన చేయించాం గాని, పెదవి సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. అమ్మ కంచె తీగను గట్టిగా పట్టుకోవడం చూశాను. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది.

మా నాయన విజిలును చూసి, చొక్కాకు తుడిచి, జేబులో వేసుకున్నాడు. కుడిచేతిని మెల్లగా రొమ్ముదాకా లేపాడు. అరచెయ్యి పైకి పెట్టి నిలిపాడు. ఎడమచేత్తో దానిమీద చరిచాడు. ఆ చప్పుడు మైదానం అవతలి గోడకు తగిలి తిరిగి వచ్చింది. రెండోసారి చరిచేసరికి వరసలు కదిలాయి, మూడోసారికి మూడువందల కాళ్లు ఒక్కసారి నేలమీద పడ్డాయి. హెడ్మాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని లోపలికి వెళ్లిపోయారు. వేరే ఏర్పాటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం ఈ కథంతా విన్న పహిల్వాన్ మామ నుదురు కొట్టుకుని, “పెదవులకు రాయి యాడ కట్టేది మాస్టరూ” అంటే, మా నాయన వంకరపోయిన మూతితోనే పగలబడి నవ్వాడు. జబ్బు చేశాక ఆయన అట్లా నవ్వడం అదే మొదలు.

ఇంకా ఏడేళ్లు ఆయన చప్పట్లతోనే డ్రిల్లు నడిపించాడు. కుడిచెయ్యి భుజం దాటి పైకి ఎప్పుడూ లేవలేదు, అది నిజం. రెండోసారి వచ్చిన జబ్బు ఆయన్ని లేవనివ్వలేదు, అదీ నిజమే. శవపేటికను మోసినవాళ్లలో ముందు పక్క పహిల్వాన్ మామ ఉన్నాడు. నాకు టీచరు ఉద్యోగం వచ్చి, అమ్మను తీసుకుని కర్నూలుకు వచ్చేసేటప్పుడు, ఆ రాళ్లన్నిటినీ గోడ మీదుగా ఒక్కొక్కటే ఆయనకు అందించింది అమ్మే, మణుగుది కూడా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత ఎప్పుడో కడపకు పోయినప్పుడు చూస్తే ఆ ఇళ్లూ లేవు, గోడా లేదు, మూడంతస్తుల లాడ్జి ఉంది. ఎవరినడగాలో కూడా తెలియలేదు.

అప్పుడు మాకు ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలియకుండా ఉండాలన్నా కుదిరేది కాదు, దానివల్ల పడిన చికాకులూ లేకపోలేదు. ఇప్పుడు నా మంచం ఆనుకుని ఉన్న గోడకు అవతల, పక్క ఫ్లాటులో, రెండు నెలలుగా పొద్దున్నే, నిలబడినచోటే నడిపించే యంత్రం ఒకటి తిరుగుతోంది. మొదట్లో రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయేది, ఈ మధ్య పది నిమిషాలు తిరుగుతోంది. దానిమీద ఒక అడుగు బరువుగా పడుతుంది, రెండో అడుగు ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ నడక ఎట్లాంటి మనిషిదో నాకు తెలుసు. ఒకసారి పోయి పలకరించి వస్తానురా అంటే, చెప్పకుండా పోతే ఏమనుకుంటారో అవ్వా, ముందు ఫోను చేయాలి అంటాడు మా మనవడు. వాళ్ల నంబరు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. పొద్దున్నే ఆ యంత్రం మొదలవగానే నేను గోడవైపు తిరిగి పడుకుని, పైకి వినపడకుండా, వాళ్ల అడుగులు లెక్కపెడుతూ ఉంటాను.