కుర్చీలో వ్యాకరణం

ఆ ఉదయం పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న బస్సు డ్రైవరు రెండు వేళ్ళు పైకెత్తాడు. డాక్టరు గబుక్కున మిషను ఆపేశాడు.

"నొప్పిగా ఉందా?"

డ్రైవరు తల అడ్డంగా ఊపి మళ్ళీ అవే రెండు వేళ్ళు చూపించాడు. నొప్పి కాదు, రెండో జవాబు.

ప్రశ్న అడిగింది పక్కన ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకుని నిలబడ్డ నర్సమ్మ. ఆవిడకు నలభై మూడేళ్ళు. కాలేజీ ప్రవేశ పరీక్ష రెండుసార్లు రాసింది. లెక్కల్లో గట్టెక్కింది, వ్యాకరణంలో రెండుసార్లూ బోల్తా పడింది. ప్రతి ప్రశ్న కిందా నాలుగు జవాబులు, ఒకటే ఒప్పు. నలభై ప్రశ్నల్లో ఇరవై నాలుగు ఒప్పయితే చాలు. మూడోసారీ పోతే ఇక రాయనివ్వరు. ఇంట్లో పుస్తకం తెరిస్తే అత్తగారికి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. ఇక్కడైతే ఎదుటి మనిషి లేచి పోలేడు, అడ్డు మాట్లాడలేడు. పుస్తకంలో ఏది ఒప్పో ఇవ్వలేదు గనక, ప్రశ్న చదివి, తను ఒక జవాబు అనుకుని, రోగి వేళ్ళతో సరిచూసుకునేది.

చిక్కల్లా ఒక్కటే. నొప్పెడితే చెయ్యెత్తమని డాక్టరు అందరికీ ముందే చెబుతాడు. మర్నాడు తాళాలు బాగుచేసే ఆయనకు నిజంగానే ప్రాణం జివ్వుమంది. ఐదు వేళ్ళూ ఎత్తాడు.

"ఐదో జవాబు లేదండీ, మళ్ళీ ఆలోచించండి," అంది నర్సమ్మ.

ఆయన వెళ్ళాక డాక్టరు విరుచుకుపడ్డాడు. "ఏమ్మా, మీరు పాసవడానికి నా రోగుల్ని చంపుతారా? రేపట్నుంచి ఆ పుస్తకం ఇక్కడ కనపడిందో..."

"తేను సార్."

డాక్టరు చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. "ఇంతకీ జవాబెంత?"

"మూడు సార్."

"రెండు కాదూ? ఏదీ, ఇలా ఇవ్వండి పుస్తకం."

రెండో మూడో ఎంతకీ తేలలేదు. మర్నాటికి గోడ మీద కాగితం వెలిసింది: 'జవాబుకు చెయ్యి, నొప్పికి కాలు.'

పరీక్షకు మూడు వారాలుందనగా ఒక రిటైరైన తెలుగు మాస్టారు దవడ పన్ను పీకించుకోవడానికి వచ్చాడు. నర్సమ్మ ఒక ప్రశ్న చదివి, "ఒకటే కదండీ?" అంది. ఆయన చెయ్యీ కాలూ కలిపి ఎత్తాడు.

"నొప్పా, జవాబా?" డాక్టరు కంగారుపడ్డాడు.

మాస్టారు నోట్లో దూది పీకి పారేశాడు. "రెండూనయ్యా! తల్లీ, ఎవరు చెప్పారు నీకు ఒకటని?"

"ఎక్కువమంది ఒకటే అన్నారండీ."

"ఓట్లేయించావా!"

సగం మొద్దుబారిన మూతితోనే పాఠం మొదలెట్టాడు. వరండాలో చెంపలు పట్టుకుని కూర్చున్న నలుగురూ లోపలికొచ్చి విన్నారు. ఒక్క పన్నుకోసం వచ్చిన మనిషి పరీక్ష దాకా రోజూ వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ కుర్చీ ఎక్కి పడుకునే చెప్పేవాడు. రోగులు నిలబడే నోరు తెరిచేవాళ్ళు.

వ్యాకరణంలో నర్సమ్మకు ఇరవై ఐదు వచ్చాయి. కాలేజీ క్లాసులు ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా. సోమవారం నుంచి డాక్టరు పన్నెండున్నరకు తలుపు తీస్తున్నాడు.