గోడకెక్కిన రంద

నా తమ్ముడి కొడుకు నా రందకు రెండు చిల్లులు పొడిచి, స్క్రూలతో గోడకు బిగించాడు. గల్ఫ్ నుంచి వచ్చి కోరుట్లలో ఇల్లు కట్టుకున్నాడు. దసరా పూజలో పెట్టడానికి ఇంట్లో పనిముట్టు లేదని అడిగి తీసుకుపోయిన వస్తువది. పండుగ దాటి నెలలైనా ఇవ్వకపోతే నేనే పోయి చూశాను.

చెక్కను నునుపు చేసే ఆ రందను నేను కొనలేదు, చేసుకున్నాను. సిరిసిల్లలో చేతిమగ్గాలు విప్పి పొయ్యిలో పెడుతున్న కాలంలో ఒక మగ్గం కర్ర అడిగి తెచ్చుకున్నాను. జగిత్యాల అంగట్లో దొరికిన ఉక్కు బ్లేడును అందులో దించాను. ఎవరూ నేర్పలేదు, వడ్రంగుల పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే. మధ్యలో ఒక కరెంటు రంద కొంటే మోటారు కాలిపోయింది, ఆ మోటారు ఇప్పుడు రాదన్నారు. నా రందకు బ్లేడు నూరితే చాలు.

"పూజ చేసినదాంతోని మళ్ల పని చేస్తరా పెద్దబాపూ? గందుకే గోడకు పెట్టిన. మస్తు కనవడుతున్నది సూడు."

"నీ కారుకు గూడ పూజ చేసినవు గదరా. దాన్ని గూడ బిగియ్యకపోయినవు గోడకు?"

లోపల వాడి భార్య నవ్వింది. వాడు నవ్వలేదు, రంద ఇవ్వనూ లేదు.

వానాకాలం వచ్చింది. వాడి ఇంటి తలుపు నీరు తాగి ఉబ్బింది, మూసుకోవడం లేదు. వస్తానన్న మిస్త్రీ రాలేదు. చివరికి నాకు ఫోన్ చేశాడు. నేను పోయి స్క్రూలు విప్పి రందను దించాను. బ్లేడు మీద తుప్పు, ఆ తుప్పు మీద వార్నిషు! కూర్చుని సానరాయి మీద నూరాను. తలుపు అంచున తోస్తే పల్చటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ రాలింది. చిల్లులు పనికేమీ అడ్డం రాలేదు.

"ఓసారి ఇటియ్యి" అని వాడు తీసుకున్నాడు. మొదట బలమంతా పెట్టి నొక్కితే రంద కదల్లేదు. చెయ్యి తేలిక చేయమన్నాను. ఈసారి ఒక చుట్ట రాలింది. దాన్ని ఏరి భార్యకు చూపించి వచ్చాడు.

తలుపు మూసుకుంది, గడియ పడింది.

"ఇప్పుడన్న ఇస్తవా, మళ్ల గోడకు ఎక్కిస్తవా?" అని అడిగాను.

వాడు ఖాళీ గోడ వైపు చూశాడు.

"తీస్కపో పెద్దబాపూ. ఆడ గడియారం పెట్టుకుంట. కని అచ్చే దసరా లోపట నాకు గూడ గిసొంటిదొకటి గావాలె. నువ్వు చేసి ఇచ్చుడు గాదు, నాతోని చేపియ్యి."