భజనలు – 3

ఆ రోజుల్లో నాకు పొగరు ఉండేది. దాన్ని నేను సంగీతాభిరుచి అనుకునేవాణ్ణి.

తొంభైల మొదట్లో సంగతి. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. నాన్నకు అనంతపురం నుంచి బదిలీ అయితే అమ్మా చెల్లెలితో సహా అందరం వచ్చి తార్నాకలో అద్దెకు దిగాం. క్లాసులో నన్ను పట్టించుకున్నవాడు లేడు గానీ, పాటల విషయంలో మాత్రం హాస్టళ్ళన్నిటా నా మాటే వేదం. కొత్త క్యాసెట్ ఏది విడుదలైనా "వాడు విన్నాడా? ఏమన్నాడు?" అని అడిగి మరీ కొనుక్కునేవారు. ఎక్కడో చలిదేశంలో, సొంత ఊళ్ళోనే ఎవరికీ తెలియని బ్యాండ్లు కూడా నాకు తెలుసు. తెలుసని అందరికీ తెలిసేలా చూసుకునేవాణ్ణి.

క్యాసెట్లు అరువిచ్చేవాణ్ణి. అయితే దానికో పద్ధతి ఉంది. రెండు రోజుల్లో తిరిగివ్వాలి. రీళ్ళు మొదటికి తిప్పి ఇవ్వాలి. విన్న పాటల గురించి నా నోటుపుస్తకంలో ఒక వాక్యం రాయాలి. "బాగుంది" అని రాసినవాడికి మళ్ళీ ఇచ్చేవాణ్ణి కాదు. బాగుందని నాకు తెలీదా, ఎందుకు బాగుందో చెప్పాలి కదా!

తార్నాక చౌరస్తా దగ్గర ఒక క్యాసెట్ల కొట్టు ఉండేది. కావలసిన పాటలు చీటీ మీద రాసి ఖాళీ క్యాసెట్ ఇస్తే ఎక్కించి పెట్టేవాడు ఆ కొట్టాయన. ఆయన ఏది పెట్టినా రెండు సెకన్లు విని అదేమిటో చెప్పేసేవాణ్ణి. ఆయనకు ఒళ్ళు మండేది.

"ఎప్పుడన్న ఒక్కసారన్న నువ్వు విననిది వినిపిస్త చూడు భై" అని ఒట్టు పెట్టుకున్నాడు.

"ప్రయత్నించండి" అనేవాణ్ణి.

ఇంత గొప్పవాడి దగ్గర అన్నిటికన్నా గొప్ప క్యాసెట్ ఒకటుంది. అది ఏ కొట్టులోనూ దొరకదు. ఇంజినీరింగ్ హాస్టల్లో నలుగురు కుర్రాళ్ళు సొంతంగా పాటలు కట్టుకుని పాడేవారు. గిటారు ఒకటి, అడిగి తెచ్చుకున్న డోలు ఒకటి, మెస్సులో స్టీలు కంచం ఒకటి. బ్యాండుకి పేరు లేదు. ఏ పేరు పెట్టాలా అని పోట్లాడుకోగా మిగిలిన సమయంలో సాధన చేసేవారు. అంబర్‌పేట బస్సు కోసం ఎదురుచూడటం మీద ఒక పాట, మెస్సు సాంబారులో ములక్కాడ వెతకడం మీద ఒకటి. నవ్వుతూ మొదలై, చివరికి వచ్చేసరికి ఎందుకో ఇల్లు గుర్తొచ్చే పాటలు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక, ఖాళీగా ఉన్న మెస్సు హాల్లో మా ఇంటి టేప్‌రికార్డర్‌ను మడతపెట్టిన తువ్వాలు మీద కూర్చోబెట్టి ఐదు పాటలూ రికార్డు చేశాను. కంచం కొట్టేవాణ్ణి నాలుగడుగులు వెనక్కి జరిపింది కూడా నేనే. బాగా వచ్చింది. ఇప్పటికీ అంటాను, చాలా బాగా వచ్చింది.

పాడే కుర్రాడు నల్లగొండవాడు, నాకన్నా చిన్నవాడు. "అన్నా, మాకొక కాపీ ఎక్కించియ్యవా" అని అప్పుడే అడిగాడు. రేపన్నాను, ఎల్లుండన్నాను. అసలు సంగతేమిటంటే, మిగతా క్యాసెట్లు ఊళ్ళో ఇంకెవరి దగ్గరైనా ఉంటాయి, ఇది ఒక్క నా దగ్గరే ఉంది. కావాలంటే మా ముందుగదిలో కూర్చుని వినాలి, నేను వినిపిస్తేనే వినాలి. ఎవరూ ఎత్తుకుపోకుండా దాని మీద "భజనలు – 3" అని రాసి అమ్మ భజనల క్యాసెట్లు రెండిటి పక్కన దాచాను. కుర్రవాడెవడూ దాని మీద చెయ్యి వెయ్యడు కదా! నా తెలివికి నేనే మురిసిపోయాను.

పరీక్షలైపోయాయి. ఒక పొద్దున నల్లగొండ కుర్రాడు ఇంటికొచ్చాడు.

"గిటార్ వాయించేటోనికి వైజాగ్‌ల నౌకరీ వచ్చిందన్నా. ఆదివారం పోతుండు. నలుగురికి నాలుగు క్యాసెట్లు ఎక్కించియ్యి. మళ్ల కలిసి పాడుతమో లేదో, గవి తప్ప మాకు నిశాని ఏం లేదు."

అతని ముందే క్యాసెట్ పెట్టి మీట నొక్కాను. తాళాలు మోగాయి. పదిమంది ఆడవాళ్ళు ఒకేసారి గొంతెత్తారు. పొరపాటున వేరేది పెట్టానేమోనని తీసి చూశాను. భజనలు – 3. తిప్పి పెట్టాను. అటువైపూ భజనలే.

క్యాసెట్ పైఅంచున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక దాని మీద ఎవరూ రికార్డు చెయ్యలేరు. ఈ క్యాసెట్ది నేనే విరిచాను. రెక్క పోయిన ఆ కంత మీద సెల్లోటేపు ముక్క అంటిస్తే మళ్ళీ రికార్డు చేసుకోవచ్చన్న కిటుకు అమ్మకు నేర్పింది కూడా నేనే. ఇప్పుడు ఆ కంత మీద టేపు ముక్క నీటుగా అంటించి ఉంది.

వచ్చినవాడు ఉన్నాడని కూడా చూడకుండా అమ్మ మీద అరిచాను. పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"భజనలని రాసిండె కదప్పా. మా భజన మండలి వాళ్ళు వచ్చిండిరని ఎక్కిస్తిమి. నాకేం తెలుసు నాయనా" అంది.

రాసింది నేనే.

"పోనీలే అన్నా. అమ్మను ఏమనకు" అని ఆ కుర్రాడు లేచాడు. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది అతనికి. నేను గేటు దాకా కూడా వెళ్ళలేకపోయాను.

సాయంత్రం క్యాసెట్ల కొట్టుకి వెళ్ళాను. చెరిగిపోయిన పాట కింద ఏమైనా మిగిలి ఉంటుందా అని అడిగాను. ఫిజిక్స్ చదివినవాడు అడగాల్సిన ప్రశ్న కాదు.

"ఒక్కసారి చెరిగితే చెరిగినట్టే భై" అన్నాడాయన. తర్వాత ముఖం వెలిగిపోయింది. "గది వదిలెయ్. ఇయ్యాల నువ్వు దొరికినవ్ నాకు. గిది ఎవల్దో చెప్పు."

మీట నొక్కాడు. బరబరమనే శబ్దం వెనక ఎక్కడో స్టీలు కంచం మోగింది.

బల్ల మీదికి వంగి విన్నాను. మొదటి పాట అయింది. రెండో పాట మధ్యలో గోడ గడియారం బొంగురుగా పదకొండు కొట్టింది. సాయంత్రం నాలుగైనా పదకొండే కొట్టే ఆ బొంగురు గడియారం నాకు తెలిసి ఊళ్ళో ఒక్కటే ఉంది, మా ఇంట్లో. దాని వెంటనే అమ్మ గొంతు, "పాపా, పాలు పొంగుతాండాయి చూడు!"

"చూసినవా, తెల్వలే!" కొట్టాయన బల్ల మీద చరిచాడు. "గా పాల ముచ్చటనే మస్తుగుంది. అడిక్‌మెట్ లేడీస్ హాస్టల్ పిల్లలు తెచ్చిండ్రు. ఇప్పటికి ఎనిమిది కాపీలు తీయించుకున్నరు. పాటలన్నీ నోటికొచ్చట వాళ్లకు."

క్యాసెట్ డబ్బా చేతికిచ్చాడు. లోపలి అట్ట మీద ఐదు పాటల వరస గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. మా చెల్లెలి రాత. దాని స్నేహితులు ఆ హాస్టల్లోనే ఉంటారు. వరస కింద, గీత గీసి, "రికార్డింగ్: మా అన్న" అని ఉంది.

ముందు కోపమే వచ్చింది, అబద్ధం ఎందుకు. నా పద్ధతి తప్పింది, నోటుపుస్తకంలో రాయలేదు. ఆ కోపం ఆ రెండు మాటలు చదివేదాకే నిలిచింది. నేను ఎవరికీ ఇవ్వని క్యాసెట్‌ను చెల్లెలు ఊరంతా పంచి, పేరు మాత్రం నాకు పెట్టింది.

ఇంటికెళ్ళి అడిగితే చెల్లెలు బెదరలేదు.

"అమ్మవి రెండే క్యాసెట్లు. మూడోది యాడిదా అని పెట్టి చూసినా. పక్కింటి వాళ్ళ టేప్‌రికార్డర్ తెచ్చి మనదానికి ఎదురుగా పెట్టి ఎక్కించుకున్నా. చెబితే నీ పుస్తకంలో వాక్యం రాయమంటావని చెప్పలా."

మర్నాడు కొట్టులో నాలుగు కాపీలు ఎక్కించుకుని హాస్టల్‌కి వెళ్ళాను. ఇవ్వకుండా దాచింది నేనేనని, తప్పు నాదేనని ముందు చెప్పాను. నల్లగొండ కుర్రాడు క్యాసెట్ పెట్టుకుని విన్నాడు. పాలు పొంగే చోట పకపకా నవ్వాడు. అడిక్‌మెట్ సంగతి చెప్పగానే నవ్వు ఆగిపోయింది.

"నిజమా అన్నా? మా పాటలు ఆడ పాడుతుండ్రా?"

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఒట్టేసి చెప్పాను. అతని ముఖం చూస్తే నాకు ఛాతీ పొంగింది. ఒక్కణ్ణే దాచుకున్నన్నాళ్ళూ ఆ క్యాసెట్ నన్ను ఇంత గర్వపడనివ్వలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ అసలు క్యాసెట్‌ను గుడ్డతో తుడిచి నా బల్ల మీద పెట్టి ఉంది. "మళ్ళా నీ పాటలే ఎక్కించుకోప్పా" అంది, ముఖం చూడకుండా.

అమ్మ భజనలు నేనెప్పుడూ కూర్చుని విన్నవాణ్ణి కాదు. ఆ రోజు మొదటి నుంచీ పెట్టాను. ముందు తాళాలు సర్దుకుంటున్న చప్పుడు. ఎవరో ఆవిడ "ఎక్కుతాందా వదినా?" అని అడిగింది. ఆ తర్వాత అమ్మ గొంతు, కొంచెం గట్టిగా, అందరికీ వినపడేట్టు:

"మావాడు నాకోసమనే తెచ్చిపెట్టినాడు దీన్ని. చూడు, పేరు కూడా వాడే రాసినాడు."

రెండు వైపులా పూర్తిగా విన్నాను. తర్వాత కంత మీది టేపు ముక్కను గోటితో పీకేశాను. పేరు మాత్రం మార్చలేదు.