తేదీ మార్చినవాణ్ణి మా మేడం వదల్లేదు

మా లెక్కల మేడం పోయారన్న కబురు మొన్న ఉదయం కాలేజీ స్టాఫ్ రూములో ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. ధర్మవరంలో మగ్గం నేసే మనిషి, మాటలు తక్కువ. "అక్క పోయిందమ్మా. పొద్దున లేయలేదు. గుండె ఆగిపోయిందన్నారు. మొదట నీకే చెప్పాలనిపించింది" అని పెట్టేశాడు.

నేను కల్యాణదుర్గంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఈ ఉద్యోగం నాకు రావడానికి కారణం మేడం. నేను కోరుకున్న చదువు నాకు దక్కకపోవడానికి కారణం మాత్రం మా ఊరి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపిన మనిషి. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు శాంతంగా రాయాలంటారు. మేడం గురించి అలా రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది. ఆమె మంచితనం నాకు బాగా తెలిసింది ఆమె పట్టిన పగలోనే.

మా మండలం హైస్కూల్లో ఆమె లెక్కలు చెప్పేవారు. బోర్డు తుడవడానికి డస్టర్ వాడేవారు కాదు. అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి చీర కుచ్చిళ్లకు రాసుకునేవారు. సాయంత్రం బెల్లు కొట్టేసరికి చీర ఒక పక్కంతా తెల్లగా అయ్యేది. మేం లెక్క తప్పు చేస్తే మొత్తం కొట్టేసేవారు కాదు. ఎక్కడ తప్పిందో ఆ వరస పక్కన ఒక చుక్క పెట్టి ఇచ్చేవారు. "తప్పు యాడో ఒకచోటనే ఉంటాది. దాన్ని పట్టుకో. తక్కినవాటిని ఏమీ అనద్దు" అనేవారు.

ఇంటర్ అయ్యాక నేను ఎంట్రెన్స్ రాశాను. వ్యవసాయం చదవాలని ఉండేది. మాది వాన పడితేనే పండే నేల. నాయన ఏటా వేరుశనగ విత్తి మబ్బు వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపు చూసి చూసి ఆ చదువు మీద మనసు పడింది. మంచి ర్యాంకే వచ్చింది. ఇక సీటు కోసం గడువులోగా కంప్యూటర్లో కాలేజీల పేర్లు వరసగా పెట్టాలి. మా ఇంట్లో ఉన్నది మాట్లాడుకునే ఫోనే. అందుకని నాయన, నేను ఆ నెట్ సెంటర్‌కు వెళ్లాం.

అతను నా ర్యాంకు అడిగాడు. ఎక్కడ చేరాలనుకుంటున్నావని అడిగాడు. తెర తన వైపు తిప్పుకుని ఏదో నొక్కి, మళ్లీ మాకు చూపించాడు. కనెక్షన్ సురక్షితం కాదని పెద్దగా వచ్చింది. బ్రౌజర్ పాతబడిందనీ, అప్‌డేట్ చేయాలనీ, అప్‌డేట్ కూడా కావడం లేదనీ చెప్పాడు. రేపు రమ్మన్నాడు. మరునాడూ అదే మాట. ఆఖరి రోజు నాయన చేతులు జోడించాడు. అతను విసుక్కోలేదు, తొందరపడలేదు. చాలా ఓపిగ్గా, ఫలానా ప్రైవేటు కాలేజీలో నేరుగా సీటు ఇప్పిస్తానని, వాళ్లు తనకు బాగా తెలుసని చెప్పాడు. ఆ కాలేజీలో కట్టే స్థోమత మాకు లేదు. సాయంత్రానికి గడువు ముగిసింది.

ఆ ఏడాది నేను రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టాను. నాలాగే ఆ నెట్ సెంటర్లో సీటు పోగొట్టుకున్న ఇంకో అమ్మాయికి పెళ్లి చేసి పంపించేశారు. బ్రౌజర్ పని చేయకపోతే ఎవరేం చేస్తారని ఊరంతా అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

మేడం అలా అనుకోలేదు, కానీ అప్పటికి ఆమెకు కంప్యూటర్ తెలియదు. అనంతపురం నుంచి ఒక పాత కంప్యూటర్ కొని తెచ్చి వసారాలో పెట్టుకున్నారు. ఆదివారం నేను రాయదుర్గం నుంచి వస్తే రమ్మని కబురు పంపేవారు. ఒక ఆదివారం అందులో బ్రౌజర్ మొరాయించింది. ఏ పేజీ తెరవబోయినా సురక్షితం కాదంటుంది. అప్‌డేట్ నొక్కితే కాసేపు తిరిగి ఆగిపోతుంది. నేను నెట్ సెంటర్లో చూసింది అదే తెర.

మేడం లెక్క చేసినట్టే చేశారు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశారు. వైరు తీసి పెట్టారు. పాత పేజీలన్నీ తుడిచేశారు. బ్రౌజర్ తీసేసి కొత్తగా వేశారు. అయినా అదే మాట. మధ్యాహ్నం అన్నం కూడా మరిచిపోయి కూర్చుని, చివరికి తెర కింద మూల మీద వేలు పెట్టారు. అక్కడ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. లోపలి చిన్న సెల్లు అయిపోతే గడియారం అలా తప్పుతుందట. తేదీ తప్పితే ఏ సైటునూ బ్రౌజర్ నమ్మదు. తేదీ సరిచేసి మళ్లీ తెరిచారు. పేజీ వచ్చింది. అప్‌డేట్ కూడా నడిచింది.

నేను సంతోషంతో చప్పట్లు కొట్టబోయాను. ఆమె ముఖం మాత్రం గట్టిపడింది.

"ఆ పొద్దు వాడు తెర తనవైపు తిప్పుకున్న్యాడని చెప్పినావు కదా" అన్నారు.

మరుసటి ఏడాది కాలేజీల పేర్లు పెట్టే రోజులు వచ్చేదాకా ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ ఏడాది మంచి ర్యాంకు తెచ్చుకున్న ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని, నన్నూ పిలిచి, నేరుగా ఆ నెట్ సెంటర్‌కు తీసుకెళ్లారు. పొద్దుటి నుంచీ అక్కడ పింఛన్లు, సర్టిఫికెట్లు సాగిపోతున్నాయి. మేడం వెనక బల్ల మీద కూర్చుని చూస్తున్నారు. మేం తీసుకెళ్లిన అమ్మాయి వంతు వచ్చింది. అతను ర్యాంకు అడిగాడు, తెర తిప్పుకున్నాడు, మళ్లీ చూపించాడు.

"తెర్చుకోవడంల్యా మేడం. అప్‌డేట్ అడుగుతాండాది."

మేడం లేచి వెళ్లి అతని చేతి కిందనుంచి మౌసు తీసుకున్నారు. మూలన ఉన్న తేదీ మీద నొక్కి తెర జనం వైపు తిప్పారు.

"ఏమప్పా, నీ కంప్యూటర్‌కు ఇది ఏ సంవత్సరం?"

"లోపల సెల్లు అయిపోయింటాది మేడం. అప్పుడప్పుడు తప్పుతాది."

"ఇప్పుడేగా ఈ అవ్వ పింఛను కాగితం తీసినావు. అప్పుడు బాగుండిన సెల్లు ఈ పాపను చూస్తానే అయిపోయిందా?"

ఆమె తేదీ సరిచేసి, బ్రౌజర్ మూసి మళ్లీ తెరిచారు. సైటు వచ్చింది. ఆ అమ్మాయిని అతని కుర్చీలోనే కూర్చోబెట్టి కాలేజీలన్నీ వరసగా పెట్టించారు. అతను తన షాపులో తానే నిలబడి చూశాడు. ఆ అమ్మాయికి సీటు వచ్చింది. నేను మళ్లీ ఎంట్రెన్స్ రాయలేకపోతే, మేడం నన్ను కంప్యూటర్ డిగ్రీలో చేర్పించారు.

చాలామంది అక్కడితో వదిలేయమన్నారు. మేడం వదల్లేదు. సెలవులు పెట్టి సోమవారం అర్జీలు తీసుకునేచోటికి వెళ్లేవారు. నన్నూ ఇంకొందరినీ వెంట తీసుకెళ్లి, జరిగింది మా నోటితోనే చెప్పించేవారు. ఆ మనిషికి సర్కారు పనులు చేసే అనుమతి తీసేసేదాకా తిరిగారు. ఇటు తన వసారాలో కంప్యూటర్ పెట్టి చుట్టుపక్కల పిల్లలందరికీ ఊరికే చేసిపెట్టారు. అతని షాపు ముందు జనం పలచబడ్డారు. చివరికి షట్టర్ దించి, దాణా కొట్టు పెట్టుకున్నాడు. హెడ్మాస్టర్ ఒకసారి, పాపం అతనికీ సంసారం ఉందని, పెద్ద మనసు చేసుకోమని చెప్పారట. మేడం నాకు ఆ సంగతి చెప్పి, "నష్టపోయినోళ్లు మీరు. మన్నించాల్సింది మీరు. మీ తరపున మన్నించనీకి నేనెవరు?" అన్నారు. నేను మన్నించనన్నాను. "సరే" అని చాక్‌పీసు చెయ్యి చీరకు రాసుకున్నారు.

కొన్నేళ్లకు అతని కూతురు అదే వ్యవసాయ చదువుకు ర్యాంకు తెచ్చుకుంది. మేడం దగ్గరే చదివిన పిల్ల. కాలేజీల పేర్లు మేడం చేతనే పెట్టించుకుంటానని పట్టుబట్టి వచ్చింది. వెనక తండ్రి వచ్చాడు. ఆ రోజు వసారా నిండా పిల్లలు, వాళ్ల తల్లులు ఉన్నారు. నేనూ సాయానికి వచ్చాను.

"పాపను లోపలికి పంపు. నువ్వు ఆడనే ఉండు" అన్నారు మేడం. అతను ఎండలో నిలబడ్డాడు. "నీ బిడ్డకు నేను పెడతా. దానికి ముందు నువ్వు చేసింది నీ నోటితో నీ బిడ్డకు చెప్పు."

"అందరి ముందరా మేడం?"

"అందరి ముందరే చేసినావు కదప్పా."

అతను నేల చూస్తూ చెప్పాడు. కొందరు పిల్లలకు సైటు తెరుచుకోకుండా తేదీ మార్చానని, ఆ కాలేజీవాళ్లు కమీషన్ ఇస్తామంటే చేశానని. ఎవరికి చేశావని మేడం అడిగారు. అతను తలెత్తి నా వైపు చూసి, "ఈ పాపకు" అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం నేను ఏళ్ల తరబడి ఎదురుచూశాను. నా కడుపు చల్లబడింది. ఎండలో అతని ముఖం కందిపోతుంటే నాకు జాలి కలగలేదు. ఇప్పుడు తలుచుకున్నా కలగదు.

మేడం ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో కాలేజీ పేరు రెండేసి సార్లు అడిగి మరీ పెట్టారు. నాకు పోయిన చదువే ఆ పిల్లకు వచ్చింది. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఆ పిల్ల మీద కోపం లేకపోయినా. సాయంత్రం అందరూ వెళ్లాక మేడం మంచినీళ్లు తాగుతూ, "ఆ బిడ్డను కూడా నొప్పించినా. అది మంచి పని కాదు" అన్నారు. గ్లాసు దించి, "అయినా వాడు మళ్లీ వస్తే మళ్లీ అదే అడుగుతా" అన్నారు.

మొన్న నేను వెళ్లేసరికి వాకిలి నిండా ఆడపిల్లలు. బెళుగుప్ప నుంచి, కంబదూరు నుంచి, బెంగళూరు నుంచి కూడా వచ్చారు. మేడంకు పిల్లల్లేరు. పాడె మేమే మోస్తామంటే ఊరి పెద్దలు గొణిగారు. ఆమె తమ్ముడు వాళ్లకు అడ్డం వచ్చి నిలబడ్డాడు. "మా అక్క పిల్లలు వీళ్లే. మోయనీండి" అన్నాడు.

అప్పుడు వచ్చాడు ఆ మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో బంతిపూల దండ ఉన్న కవరు. నలుగురి మధ్యా నిలబడి, ఆమె దేవతలాంటి మనిషని, తనను ఎప్పుడో మన్నించిందని చెప్పడం మొదలుపెట్టాడు.

"మేడం నిన్ను మన్నించలేదు" అన్నాను నేను. "నేనూ మన్నించలేదు. లేని మాట ఈడ చెప్పద్దు."

ఎవరూ నన్ను వారించలేదు. అతను భుజం పట్టడానికి పాడె ముందుకు వచ్చాడు. ముందు కొయ్య అప్పటికే అతని కూతురి భుజం మీద ఉంది. పరీక్షలు వదిలేసి వచ్చిన పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"నువ్వు వద్దు నాయనా" అంది. గొంతు పెంచలేదు.

మేం కదిలాం. ఈ ఏడాదీ వాన లేదు, వంక గట్టున ఉన్న శ్మశానానికి వెళ్లే దారిలో అడుగుకో పిడికెడు దుమ్ము లేచింది. మలుపు దగ్గర భుజం మార్చుకుంటూ నేను వెనక్కి చూశాను. గుట్ట మీద గాలిమరలు తిరుగుతున్నాయి. అతను దారి పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు. మేం లేపిన ఎర్రటి దుమ్ము అతని తెల్ల చొక్కా మీద పడుతోంది. చేతిలోని కవరు గాలికి పటపట కొట్టుకుంటోంది.