తోలు తెగలేదన్నాను

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండేళ్ళ వయసులో. నేర్పింది నా బావమరిది. అప్పటికి వాడికి నా మీద ప్రేమ లేదు, నాకు చదువు మీద ఆశ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. చదివేవాళ్ళు నన్ను మంచివాణ్ణి అనుకునే ప్రమాదం ఉండదు.

గుడివాడలో ఒక రైసుమిల్లు దగ్గర నేను ముఠా మేస్త్రీని. ముఠా అంటే బస్తాలు మోసే కూలీల జట్టు. మేం పద్నాలుగు మందిమి. పదిహేనో మనిషికి చోటు లేదు. ఎవడైనా ముసలివాడై మానేస్తేనో, చస్తేనో ఇంకొకడు వచ్చేవాడు. అలా ఖాళీ అయిన ఒక చోటులో మా ఆవిడ తమ్ముణ్ణి దివిసీమ నుంచి తీసుకొచ్చి పెట్టాను. వాళ్ళది కోడూరు పక్కన చిన్న ఊరు. వాడు పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లో తిని మా వసారాలో పడుకునేవాడు. పదో తరగతి దాకా చదివాడు కాబట్టి లారీ కాగితాలు చదివి మాకు చెప్పేది వాడే. మిగతా పదముగ్గురం వేలిముద్రగాళ్ళం.

ముఠాకి ఒక కట్టుబాటు ఉంది. ఒంట్లో బాగాలేనివాడు కాటా దగ్గర కూర్చుని దబ్బనంతో గోతాల మూతులు కుట్టొచ్చు, బరువు మొయ్యక్కర్లేదు. కానీ ముందు అందరి ఎదుటా పుండు చూపించాలి. కొక్కెం దిగి చీరుకుపోయిన చెయ్యో, చితికిన గోరో, ఆసుపత్రి కుట్లో, ఏదో ఒకటి కళ్ళకి కనపడాలి. పుండు చూపించినవాడికి దబ్బనం, చూపించలేనివాడికి బస్తా. నెల రోజులు రెండూ చెయ్యకపోతే చోటు పోతుంది. పుండా కాదా అని తేల్చేది మేస్త్రీ. కడుపునొప్పి, నడుంనొప్పి అని ధాన్యం వచ్చిపడే మాసూళ్ళ రోజుల్లో తప్పించుకునేవాళ్ళు ఉంటారు గనక ఈ కట్టుబాటు పెట్టారు. నాకు ముందున్న మేస్త్రీ పెట్టాడు, నేను నిలబెట్టాను. మా అందరిలోకి పెద్దాయన గజ్జలో గిలక దిగితే ఆపరేషను చేయించుకుని వచ్చి, పంచె తప్పించి తొమ్మిది కుట్లు చూపించాడు. రెండు నెలలు రాజాలాగా కూర్చుని కుట్టాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు.

సెల్‌ఫోను మిల్లు షావుకారి చేతిలో తప్ప ఇంకెక్కడా కనపడని రోజులవి. దాళ్వా ధాన్యం వస్తున్నప్పుడు ఒక పొద్దున బావమరిది బస్తా దింపి, గుండె పట్టుకుని, గోడకి ఆనుకుని కూలబడ్డాడు. చెమటతో బనీను తడిసి ముద్దయింది. బెజవాడ తీసుకెళ్ళాం. డబ్బు ఎక్కడినుంచి తెచ్చామన్నది వేరే గోల, అది ఇక్కడ రాయను. తొడ మొదట్లో సూది గుచ్చి, అందులోంచి తీగ పంపి, గుండె నరంలో బుడగ ఊది, చిన్న స్ప్రింగు పెట్టామన్నారు. కొయ్యలేదు. కుట్లు లేవు. నాలుగో రోజు మేమిద్దరం మామూలుగా ఎర్రబస్సెక్కి వచ్చేశాం. దారిలో వాడు నాకంటే ఎక్కువ జామకాయలు తిన్నాడు.

ఇంటికొచ్చాక ఆసుపత్రి కాగితం తీసి చదివి వినిపించాడు. అది తెలుగులోనే ఉంది. బరువులు ఎత్తకూడదు. రక్తం పలచన చేసే బిళ్ళలు ఏడాది పాటు ఒక్క రోజు కూడా మానకూడదు.

"ఎంత బరువు ఎత్తకూడదో రాశారా?" అన్నాను.

"అయిదు కిలోలు దాటకూడదంట బావా."

"మరి నీ కంచం ఎవడెత్తుతాడు?"

వాడు నవ్వాడు. బావామరుదుల మధ్య ఎంత మాటైనా చెల్లుతుంది మా వైపు. కోపం తెచ్చుకున్నవాడే తక్కువవుతాడు. ఈ చనువుని నేను కత్తిలాగా వాడుకున్నాను.

నెల నిండడానికి ఇంకా వారం ఉందనగా వాడు మిల్లుకి వచ్చాడు. చోటు పోతుందని భయం. దబ్బనం అడిగాడు. చూపించమన్నాను. కాటా పక్కన నిలబడి లుంగీ పైకి తీశాడు. పదముగ్గురం వంగి చూశాం. తొడ మొదట్లో పెసరగింజంత నల్లటి చుక్క ఉంది. అంతే.

తొమ్మిది కుట్ల పెద్దాయన దగ్గరగా వచ్చి, కళ్ళు చికిలించి చూశాడు. "దీనికి బెజవాడ దాకా ఎందుకురా? మా ఇంట్లో పడుకుంటే దోమలు ఊరికే పెట్టేవి" అన్నాడు.

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. వాడు లుంగీ దించుకోకుండా నా మొహం చూస్తూ నిలబడ్డాడు. తీర్పు చెప్పాల్సింది నేనే.

"లోపల స్ప్రింగు ఉంది బావా," అన్నాడు మెల్లగా.

"లోపలిది నాకు కనపడదు. బస్తా ఎత్తు."

ఎందుకన్నానో నిజం చెప్తాను. వాడికి బాగుందని నమ్మి కాదు. బావమరిది కాబట్టి కూర్చోబెట్టాడని ఎక్కడ అంటారోనని. మేస్త్రీగిరీ మీద అప్పటికే ఇద్దరికి కన్నుంది. వేరేవాడైతే పోనీలెమ్మని దబ్బనం ఇచ్చేవాణ్ణేమో.

డెబ్బై అయిదు కిలోల బస్తా అది. నేల మీద నుంచి లారీలోకి వాలుగా వేసిన చెక్క మీద ఎక్కాలి. వాడు ఎక్కాడు. మోశాడు కూడా. మూడో రోజుకల్లా వాడి భుజాలు, వీపు నల్లగా కమిలిపోయాయి. పళ్ళు తోముకుంటే చిగుళ్ళనుంచి రక్తం. మిల్లులో చొక్కా విప్పి వీపు నావైపు తిప్పాడు. నేరేడుపళ్ళు చితక్కొట్టి రుద్దినట్టు ఉంది.

"ఇదిగో బావా, ఇప్పుడు కనపడుతోందిగా. దబ్బనం ఇయ్యి."

వేలితో నొక్కి చూశాను. "తోలు తెగలేదు" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కూడా మొహం తిప్పుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సాయంత్రం మా పేటలో ఇంజక్షన్లు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వీపు చూసి, ఆ బిళ్ళలు వేసుకునేవాళ్ళకి ఇలాగే కములుతుందండీ, బరువులు మాన్పించండి అన్నాడు. ఆయన చెప్పిన రెండు ముక్కల్లో నాకు పనికొచ్చేది ఒకటే విన్నాను.

"అయితే రోగం బిళ్ళల్దన్నమాట. ఆపెయ్" అన్నాను బయటికొచ్చాక.

"ఏడాది ఆపకూడదని రాశారు బావా."

"రాసినవాడొచ్చి మోస్తాడా నీ బస్తా? వారం ఆపి చూడు. మచ్చలు పోతే మోస్తావు. పోకపోతే నేనే దబ్బనం ఇస్తాను, పో."

ఆ చివరి మాటకి వాడు లొంగాడు. బిళ్ళల అట్ట అడిగి తీసుకుని నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ మనసు మార్చుకుంటాడని.

మచ్చలు పోయాయి. నలుపు ఆకుపచ్చయింది, ఆకుపచ్చ పసుపయింది, తొమ్మిదో రోజుకి వీపు శుభ్రంగా ఉంది. చూశావా, అన్నాను. నేనే పెద్ద డాక్టరునని మా ఆవిడతో కూడా అన్నాను. పదో రోజు పొద్దున్నే బందరు వెళ్ళే లారీకి ఎత్తుతుంటే, చెక్క మీద సగం ఎక్కి ఆగిపోయాడు. బస్తా ముందు పడింది, దాని మీద వాడు పడ్డాడు.

మళ్ళీ బెజవాడ. మళ్ళీ తీగ, బుడగ. బతికాడు. మర్నాడు డాక్టరు వాడి మంచం దగ్గరే నన్ను నిలబెట్టి అడిగాడు.

"బిళ్ళలు వాడుతున్నారా?"

బావమరిది ముక్కుకి గొట్టం ఉన్నా నోరు ఖాళీగానే ఉంది.

"మా బావనడగండి. మాకు ఆయనే డాక్టరు. జేబులో ఉన్నాయి చూడండి."

తీసి ఇచ్చాను. పది రోజుల చెమటకి అట్ట మెత్తబడింది. డాక్టరు దాన్ని తిప్పి చూసి, "ఏం చదువుకున్నారండీ మీరు?" అన్నాడు.

"ఏం చదువుకోలేదండి."

"తెలుస్తోందండి" అన్నాడాయన. గొంతు పెంచలేదు. స్ప్రింగు కొత్తలో ఇనప ముక్కలాగే ఉంటుందట. దాని మీద కండ కప్పుకునేదాకా రక్తం వచ్చి గడ్డకడుతూనే ఉంటుందట. ఆ గడ్డ కట్టకుండా కాపలా కాసేది ఆ బిళ్ళలేనట. ఈసారి గుండె కండలో పెద్ద ముక్క చచ్చిపోయింది, అది ఇక తిరిగి రాదు అన్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు గుండె దాదాపు బాగానే ఉందండీ అని కూడా అన్నాడు. అది చెప్పక్కర్లేదు. చెప్పాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ నాతో ఒక్కటే మాట అంది. అన్నం గిన్నె కింద పెట్టి, "పుండు కనపడలేదన్నావుగా. వాడి గుండె కోసి చూపించమంటావా?" అంది. ఆ తరవాత చాలా నెలలు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

అప్పుడు ఇచ్చాను దబ్బనం. ముఠాలో ఎవరినీ అడగకుండా గోతాలు ఇంటికి పంపించాను. అప్పటికి వాడికి దారం లాగే ఓపిక లేదు. నాలుగు కుట్లు వేసి రొప్పేవాడు. కాళ్ళు వాచేవి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక వసారా గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నెల నిండగానే వాడి చోటులో ఉంగుటూరు మనిషి చేరాడు. చేర్చుకున్నది నేనే.

ఒకరోజు బజారునుంచి పలక తెప్పించాడు.

"ఇకనుంచి నా బిళ్ళలు నువ్వే ఇవ్వాలి బావా. చదవడం రాకపోతే ఎలా ఇస్తావు? మళ్ళీ జేబులో పెట్టుకుంటావు."

లోకంలో అందరికీ చదువు 'అ'తో మొదలవుతుంది. నాకు 'ఈ'తో మొదలైంది. ఎందుకంటే ఆసుపత్రి కాగితం మీద ఆ వాక్యం 'ఈ మాత్రలు' అని మొదలవుతుంది. 'ఈ మాత్రలు మా సలహా లేకుండా ఒక్క రోజు కూడా మానరాదు.' ఇదే నా పెద్ద బాలశిక్ష. పని నుంచి రాగానే కూర్చోబెట్టేవాడు. తప్పు రాస్తే దబ్బనం మొద్దువైపుతో కణుపుల మీద కొట్టేవాడు. ముఠా మేస్త్రీని, చెయ్యి చాపి కొట్టించుకునేవాణ్ణి. 'మానరాదు' అనే మాట సరిగ్గా రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అది వచ్చాక కూడా వాడు ఆపలేదు, నూరుసార్లు రాయించాడు.

"చెయ్యి నొప్పెడుతోందిరా" అన్నానొకసారి.

"తోలు తెగిందా?"

రాశాను.

అట్టల మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఆ అక్షరాల్ని పలక మీద బొమ్మల్లాగా గీసి గుర్తు పెట్టించాడు. ఒకసారి గుడివాడలో ఆ బిళ్ళలు దొరక్క బందరు వెళ్ళాను. బస్సు దిగి కోనేరు సెంటరు దాకా ప్రతి బోర్డూ కూడబలుక్కుంటూ నడిచాను. మందుల షాపతను వేరే అట్ట ఇచ్చాడు. బొమ్మలు కలవలేదు. ఇది కాదండీ అన్నాను. అతను చూసుకుని, అవునండీ పొరపాటు, అని మార్చి ఇచ్చాడు. తిరిగొస్తూ బస్సంతా నా ముందు చిన్నగా కనిపించింది. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను.

వాడు అట్ట తిప్పి చూసి దిండు కింద పెట్టుకున్నాడు. "ఏడాది ముందు చదివుంటే సరిపోయేది బావా" అన్నాడు.

ఏడాదిన్నర బతికాడు. అన్ని రోజుల్లో నేను ఒక్క బిళ్ళ మరవలేదు. దానివల్ల ఏమీ ఒరగలేదు. క్షమించానని వాడు అనలేదు, నేనూ అడగలేదు. ఒక మధ్యాహ్నం గోడకి ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే పోయాడు. వాళ్ళ ఊళ్ళోనే దహనం చెయ్యమని అక్కకి ముందే చెప్పాడట. అవనిగడ్డ మీదుగా వ్యానులో తీసుకెళ్ళాం. మిల్లు ఆపి ముఠా అంతా వచ్చింది.

పెరట్లో స్నానం చేయించాం. పెద్దాయన, నేను, ఇంకో ఇద్దరు. కట్టుబాటు ఇప్పటికీ మారలేదు. మారిందని రాస్తే బాగుంటుంది కానీ మారలేదు. పుండు చూపించాల్సిందే. నీళ్ళు పోస్తూ పెద్దాయన వంగి వాడి తొడల కేసి చూశాడు.

"ఎక్కడ మేస్త్రీ, ఆ చుక్క?"

రెండోసారి కూడా అక్కడే గుచ్చారు. రెండు చుక్కలు ఉండాలి. కుడికాలో ఎడమకాలో నాకు గుర్తు లేదు. రెండు వైపులా తడిమి చూశాను. భుజాలు చూశాను, వీపు తిప్పి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. నలభై మూడేళ్ళ మనిషి, ఒంటి మీద గీత లేకుండా పడుకుని ఉన్నాడు.

పెద్దాయన నా చేతిలో చెంబు పెట్టాడు.

"పొయ్యవయ్యా మేస్త్రీ, నీళ్ళు చల్లారిపోతున్నాయి."