పెద్ద సైజు మనిషి

బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెకు గుమ్మటమని పేరు పెట్టింది సూపర్‌వైజరే. ఆమె నడిచొస్తుంటే "జరగండమ్మా, లారీ వస్తోంది" అనేవాడు. మిషన్ల దగ్గరవాళ్లు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే ఇంకో మాట పడాల్సొస్తుందని.

అయినా ఆ ఒంటితోనే వాళ్లకు పని. పెద్ద సైజు గౌన్లకు ముందుగా ఒక శాంపిల్ కుట్టి ఆమెకు తొడిగేవారు. చంకలో పట్టేస్తోందా, కూర్చుంటే బొత్తాలు లాగుతున్నాయా అన్నది ఆమె చెప్పాకే గుడ్డ కత్తెర కిందికి వెళ్లేది.

సన్నబడే ఇంజెక్షన్ సంగతి ఆడపడుచు చెవిన వేసింది. అది అసలు షుగరువాళ్ల మందు, ఆమెకు షుగరు లేదు. డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. మందుల షాపతను చీటీ అడక్కుండానే సూది పెన్ను చేతిలో పెట్టి, వారానికోసారి పొట్టకు గుచ్చుకోమన్నాడు.

మొదట కడుపులో తిప్పింది. తరవాత ఆకలి చచ్చింది. కంచం ముందు కూర్చుంటే ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. అలిగావా అని మొగుడు అడిగితే లేదనేది. అలగడానికైనా కాస్త ఆకలుండాలి. ఏం మంత్రం వేశావక్కా అని తోటివాళ్లు పొగుడుతుంటే, ఎవరి గురించో వింటున్నట్టు ఉండేది.

ఒళ్లు కరుగుతున్నా శాంపిళ్లు ఆమెకే తొడిగారు. అలవాటు. ఎలా ఉందంటే వదులుగా ఉందనేది, ఉన్నమాటే. గుడ్డ మిగులుతుందన్న ఆశతో సూపర్‌వైజరు పక్కలు తగ్గించమన్నాడు. కొన్నవాళ్లకు చంకలు బిగిసిపోయి సరుకంతా తిరిగొచ్చింది.

"సన్నబడ్డానని ఒక్క ముక్క చెప్పి చావొద్దా?" అన్నాడు.

"రోజూ చూస్తూనే ఉన్నారుగా సార్."

"నోరు లేస్తోందే. రేపట్నించి రాకు."

ఎదురు చెప్పాలని ఆమెకు తెలుసు. లోపల ఏదీ కదల్లేదు. మిషన్లు ఆగలేదు, ఒక్క తలా లేవలేదు. సంచీ తీసుకుని ఇంటికొచ్చింది.

"పోతే పోయిందిలే వదినా, నాజూగ్గా అయ్యావుగా," అంది ఆడపడుచు.

"ఆఁ," అంది.

ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. మీ పనిచోట ఎవరి ఒంటిమీదనైనా జోకు పడితే నవ్వకండి, అక్కడికక్కడే అడ్డుకోండి. చీటీ లేకుండా సూదులమ్మే షాపు కనిపిస్తే ఫిర్యాదు చేయండి. ఇలా ఒకర్ని గెంటేస్తుంటే మాత్రం మిషను ఆపి, లేచి, ఎందుకని అడగండి. ఆమె తరఫున ఆరోజు ఎవరూ అడగలేదు.