బురద లేని వరద

పోయిన నెల ఒక మధ్యాహ్నం బడిలో పాఠం చెబుతుండగా చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన పొయ్యిండు బిడ్డా. పొద్దుగాల చాయ తాగిండు, జరసేపు పండుకుంట అన్నడు, మల్ల లేవలే" అంది. ఏడవలేదు. "నిమ్మళంగ రా, ఉరుకులాడకు" అని నాకే ధైర్యం చెప్పి పెట్టేసింది.

వనపర్తి నుంచి రాజోలి చేరేసరికి వాకిలి నిండా జనం. మంచి నేతగాడన్నారు, ఒకరిని మాట అనలేదు, ఒకరితో మాట పడలేదన్నారు. అన్నీ నిజాలే. కానీ ఆయనకున్న ఒక పిచ్చి గురించి ఒక్కరూ ఎత్తలేదు. చావింట్లో ఎత్తే మాట కాదనుకున్నారేమో. నేను ఎత్తుతాను. ఎందుకంటే సరిగ్గా ఆ పిచ్చి దగ్గరే నేనాయనకు ఒక అన్యాయం చేశాను.

మా చిన్నాయనకు లోకం కూలిపోయే సినిమాలంటే ప్రాణం.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను గద్వాలలో డిగ్రీ చదివేవాణ్ని. చిన్నాయన నేసిన చీర సేటుకు అప్పజెప్పడానికి గద్వాల వచ్చి, నూలు తీసుకుని, ఆ మూటతోనే నేరుగా నా రూముకు వచ్చేవాడు. "ఏం రా కొడుకా, ఏదన్న కూలే సినిమా ఆడ్తుందా?" అదే మొదటి మాట. హీరోలు, పాటలు, ఫైట్లు ఆయనకు అక్కర్లేదు. భూకంపం రావాలి, కొండ నిప్పులు కక్కాలి, సముద్రం లేచి పట్నం మీద పడాలి. డబ్బింగు సినిమా పోస్టరులో ఒక్క మేడ వంగి కనిపిస్తే చాలు, ఆ రోజు మ్యాట్నీ తప్పదు.

మూట ఒళ్లో పెట్టుకుని కూచునేవాడు. మొదటి అరగంట తెర మీద జనం తిని తాగి నవ్వుతుంటే నన్ను మోచేత్తో పొడిచేవాడు. "సూడు, ఎట్ల సంబురంగున్నరో. పాపం ఎర్కలేదు." ప్రతి సినిమాలోనూ ప్రమాదం వస్తోందని ముందే మొత్తుకునే సైంటిస్టు ఒకడుంటాడు, వాణ్ని చూసి నవ్వే పెద్ద ఆఫీసర్లుంటారు. "ఆని మాట ఇంటె సినిమా ఇంటర్వెల్ కే అయిపాయె గద రా! ఇనరు. ఇనకుంటెనే మనకు సినిమా" అనేవాడు. ఇంకో అభ్యంతరం కూడా ఉండేది. "అమెరికోళ్లు గుడ బెజవాడోళ్ల లెక్కనే మాట్లాడుతున్నరేంది? మనోళ్ల లెక్క మాట్లాడెటోడు ఒక్కడు లేడా ఆ దేశంల?"

వంతెన కూలగానే చప్పట్లు కొట్టేవాడు. కొట్టి, వెంటనే సిగ్గుపడి చేతులు మూట కింద దాచుకునేవాడు. "పాపం, ఎందరు సచ్చిన్రో" అని నొచ్చుకునేవాడు. అంతలో పక్క మేడ కూలేది. చేతులు మళ్లీ బయటికి వచ్చేవి.

నేనప్పుడు సాహిత్యం చదువుతున్న మొనగాణ్ని. ఆ సినిమాలు చౌకబారువని ఆయనకు పాఠం చెప్పేవాణ్ని. విసుక్కుంటూనే ఒక్క సీను వదలకుండా చూసేవాణ్నన్నది వేరే సంగతి. ఒకసారి సోడాబండి దగ్గర నిలదీశాను. "గీ కూలుడు సూసి ఏం సంబురం చిన్నాయనా?"

ఆయన సోడా పూర్తిగా తాగి అన్నాడు. "పొద్దంత మగ్గం గుంటల కూసోని పోగు మీద పోగు ఏస్త. పట్టంచును నూలుకు కలిపే కాడ పోగు పోగుకు ఆగాలె. జానెడు నేసేవరకు పొద్దు గూకుతది. గసుంటోనికి, గంత పెద్దది ఒక్కపారే పడిపోతుంటె సూడబుద్ధి గాదా?"

ఆ రోజు సోడా డబ్బులు నేనే ఇచ్చాను.

ఇంట్లో మాత్రం సినిమా మాట చెప్పేవాడు కాదు. నూలు ఇచ్చే కాడ లేటయ్యిందనేవాడు. చిన్నమ్మకు అన్నీ తెలుసు. "కీడును గట్ల మురుసుకుంట సూడొద్దు. ఇల్లు ఎతుక్కుంట వస్తది" అనేది.

రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర పొంగి రాజోలి మీద పడింది. ఇద్దరూ కట్టుబట్టలతో మెరకకు చేరారు. ఇంటి వెనక గోడ పడిపోయింది, మగ్గం గుంట బురదతో పూడిపోయింది. దారులు తెరిచాక నేను వెళ్లేసరికి రోడ్డు పక్కన డేరాలో కూచుని ఉన్నాడు. రెండు రోజులు ఆయన ఉన్నాడో లేడో తెలియక నలిగిపోయినవాణ్ని, ప్రాణంతో చూడగానే ఆ భయమంతా పెంకితనంగా బయటికొచ్చింది. పదిమంది ముందు అనేశాను. "ఏం చిన్నాయనా, నీకిష్టమైన సినిమా ఇంటికే వచ్చింది గద!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వబోయాడు, చేతకాలేదు. తల దించుకున్నాడు. చిన్నమ్మ నన్ను చూసిన చూపుకు నేను నేలలోకి దిగిపోయాను.

నీళ్లు తగ్గాక వీధిలో అందరూ తమ తమ గుంటల్లో బురద ఎత్తుకున్నారు. ఆయన ఎత్తలేదు. మగ్గం ముఖమే చూడనన్నాడు. కర్నూలులో వాచ్‌మన్ పని వెతుక్కుంటానన్నాడు. "నేనే సూసి సూసి తెచ్చిన" అని చిన్నమ్మతో అన్నాడట. పరిహాసానికి నేనన్న మాటను ఆయన తీర్పుగా తీసుకున్నాడు. క్షమించమని అడగడానికి రెండుసార్లు వెళ్లి, నోరు రాక చాయ తాగి తిరిగొచ్చాను.

అంతలో గద్వాలకు ఒక పెద్ద డబ్బింగు సినిమా వచ్చింది. దాంట్లో లోకమే మునుగుతుందట. ఇండ్లు మునిగిన ఊళ్లవాళ్లు కూడా బస్సులెక్కి వచ్చి చూస్తున్నారు. చదువయ్యాక నేను గద్వాలలోనే ఒక బడిలో చేరి ఆ రూములోనే ఉంటున్నాను. ఒక ఆదివారం చిన్నమ్మ ఆయన్ని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చింది. "మమ్మల్ని ఆ సినిమాకు తోల్కపో" అంది. పుట్టి బుద్ధెరిగి సినిమా హాలు గడప తొక్కని మనిషి.

"నాకొద్దు" అన్నాడు చిన్నాయన.

"నువ్వు సూడకు. నేను సూస్త. పక్కన కూసో, సాలు."

ఆయన తల వంచుకునే కూచున్నాడు. అలలు లేవగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చిన్నమ్మ మాత్రం ముందుకు వంగి, వంట ఉడికిందో లేదో చూసినట్టు తెరను పరీక్షగా చూసింది. ఉన్నట్టుండి హాలంతా వినబడేలా అంది. "ఏందయ్యా గిది? నీళ్లు గింత తేటగున్నయి! బురదేది?"

ముందు వరుసల తలలు తిరిగాయి. ఆమె ఆగలేదు. "పాములేవి? వాసనేది? గా పిల్ల మునిగి లేచింది, అంగికి మరక లేదు!"

వెనక నుంచి ఎవరిదో గొంతు లేచింది. "అవునవ్వా, మాది అలంపూర్. మా ఇంట్ల ఇంక మోకాలుబంటి బురదుంది!" హాలు ఘొల్లుమంది.

చిన్నాయన కళ్లు తెరిచాడు. చిన్నమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. "మంచిగ సూడు. గీ నీళ్లకు, మనింటికొచ్చిన నీళ్లకు ఏం సుట్టరికం లేదు. నువ్వు పిలిస్తే వచ్చిన నీళ్లు గావవి" అంది. ఆయన చాలాసేపు చూశాడు. చూసి, నవ్వాడు. వరద వచ్చిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నాకు చీకట్లో ఏడుపొచ్చింది.

బయటికొచ్చాక బస్టాండు దారిలో అన్నాడు. "నీళ్లు ఆగినకాడ ఆళ్ల సినిమా అయిపాయె. మనది ఆడికెల్లి మొదలైతది."

మరుసటి ఆదివారం రాజోలి వెళ్లాను. ఆయన నడుం లోతు గుంటలో నిలబడి బురద తవ్వుతున్నాడు. చిన్నమ్మ పైన వంగి తట్ట అందుకుంటోంది. నేను గట్టు మీద నిలబడి, వారమంతా కూర్చుకున్న మాట మొదలుపెట్టాను. "చిన్నాయనా, ఆనాడు డేరా కాడ నేనన్న మాట..."

తలెత్తకుండానే అన్నాడు. "చెప్పులిడిచి దిగు. మీ చిన్నమ్మకు నడుము వంగుతలేదు."

దిగాను. పైన ఎండి బీటలు వారిన బురద లోపల ఇంకా పచ్చిగా, చల్లగా ఉంది. ఆయన తట్ట నింపి నా చేతుల్లో పెట్టాడు, నేను పైకి అందించాను. ఆ మాట మళ్లీ ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పొద్దు వాలే వేళకు గుంట అడుగు తేలింది. మగ్గం తొక్కేటప్పుడు ఆయన పాదాలు ఆనీ ఆనీ నేలలో పడ్డ రెండు పల్లాలు బయటపడ్డాయి. చిన్నాయన కూచుని, వాటిలో మిగిలిన బురదను వేళ్లతో తీసేశాడు. అంగీ కొసతో తుడిచాడు. తర్వాత ఒక్కో పాదం వాటిలో పెట్టి, సరిపోయాయో లేదో చూసుకున్నాడు.